పది బై పన్నెండు గదిలో ఇద్దరే పడతారు: టేబుల్‌టాప్ ఆటలకు గదులు, సొరంగాలు కొలిచే పద్ధతి

పది బై పన్నెండు అడుగుల పడకగది మన ఇళ్లలో మామూలే. 28 మి.మీ. బొమ్మల్ని బల్లమీద కదుపుతూ ఆడే టేబుల్‌టాప్ ఆట కోసం అలాంటి గది కట్టాలనుకున్నవాళ్లు చాలామంది ముందు స్కేలు చూసుకుంటారు. ఈ బొమ్మలకు దగ్గరగా సరిపోయే స్కేలు 1:56, అంటే అసలు కొలతలో 56వ వంతు. ఆ లెక్కన పది అడుగులు 54 మి.మీ., పన్నెండు అడుగులు 65 మి.మీ. ఇప్పుడు బొమ్మ కింద ఉండే గుండ్రటి బేస్‌ని అందులో పెట్టి చూడండి. 32 మి.మీ. బేస్‌లయితే రెండు పడతాయి, మూడోది గోడెక్కాల్సిందే. 25 మి.మీ.వి నాలుగు పడతాయి గానీ అవి కదలడానికి చోటుండదు. మూడడుగుల తలుపు 16 మి.మీ. అవుతుంది, అందులోంచి ఏ బేసూ దూరదు. ఏడంగుళాల ఎత్తున్న మెట్టు 3 మి.మీ.కు దిగుతుంది, దానిమీద పాదం మోపే వెడల్పు ఐదు మి.మీ. కూడా మిగలదు.

లెక్కలో తప్పేమీ లేదు. మనం కొలిచింది మనిషిని, ఆట నడిచేది బేస్‌తో. 25 మి.మీ.ని 56తో గుణిస్తే 1.4 మీటర్లు, 32ని గుణిస్తే 1.8 మీటర్లు. అంటే ప్రతి బొమ్మా తన చుట్టూ ఐదారడుగుల వృత్తం వేసుకుని తిరుగుతోందన్నమాట. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రధారణ ఆటలో ఒక అంగుళం గడిని ఐదడుగులుగా లెక్కపెట్టడంలోనూ ఇలాంటి సర్దుబాటే కనిపిస్తుంది. కాబట్టి ఆటకు కట్టే భవనంలో అసలు కొలతబద్ద బేస్ వ్యాసం. గది, తలుపు, వరండా అన్నీ దాని రెట్లలోనే ఆలోచించాలి. స్కేలు అక్కరకొచ్చేది కుర్చీలకీ కిటికీలకీ, కంటికి నమ్మకం కలిగించే చిన్న వస్తువులకీ.

తలుపులు, మెట్లు

తలుపు వెడల్పుకి బేస్ కొలత మీద 8 నుంచి 10 మి.మీ. కలపండి. 32 మి.మీ. బేస్‌లు వాడే ఆటకు 40 మి.మీ. తలుపు చాలు. రెండు మి.మీ. సందు వదిలితే సరిపోదా అనిపిస్తుంది గానీ, బొమ్మల కత్తులూ రెక్కలూ బేస్ అంచు దాటి బయటికి చాచి ఉంటాయి. పైగా గోడలకు వేసే రంగు, జిగురు పూత కూడా కొంత సందు తినేస్తాయి. లింటెల్ మరో చిక్కు. దాని కింద 55 మి.మీ. ఖాళీ లేకపోతే ఈటె పట్టుకున్న బొమ్మను పక్కకు వాల్చి దూర్చాలి, అలా వాల్చినప్పుడే ఈటె విరుగుతుంది. లింటెల్ లేకుండా రెండు నిలువు కమ్మీలతో వదిలేసిన తలుపు చూడ్డానికి అసంపూర్తిగా ఉన్నా ఆటలో హాయిగా ఉంటుంది. బల్ల మొత్తంలో ఒక్కచోటైనా 60 మి.మీ. దాటిన పెద్ద గేటు పెట్టండి. లేకపోతే 50 మి.మీ. బేస్ మీదున్న రాక్షసుడు ఆటంతా బయటే నిలబడతాడు.

మెట్లు అన్నిటికన్నా మొండివి. అంతస్తు ఎత్తు 75 మి.మీ. అనుకుందాం. బొమ్మ నిలబడేలా 25 మి.మీ. వెడల్పు, 12.5 మి.మీ. ఎత్తుతో మెట్లు వేస్తే ఆరు మెట్లు కావాలి, పొడవు 150 మి.మీ. అంత పొడవు చాలా ఇళ్లలో ఒక గోడంత. దీనికి బాగా పనిచేసే రాజీ ఒకటుంది: మెట్లు కంటికోసం 6 మి.మీ. ఎత్తుతో నిటారుగా వేసి, మధ్యలో మలుపు దగ్గర 35 మి.మీ. చతురస్రపు లాండింగ్ ఇవ్వాలి. ఎవరి కదలికైనా మెట్ల మధ్యలో ఆగితే బొమ్మ లాండింగ్ మీద నిలబడుతుందని ఆటకు ముందే ఒప్పుకోవాలి. గోడౌన్లు, ఫ్యాక్టరీలు, కోటబురుజులైతే నిచ్చెనే మేలు. నిచ్చెనకు నేలమీద చోటు దాదాపు అక్కర్లేదు, నిలువుగా ఎక్కడానికి చాలా ఆటల్లో నియమాలు ఎలాగూ ఉంటాయి.

ఇల్లు ఎటు తెరుచుకోవాలి?

లోపల బొమ్మల్ని కదపాలంటే చెయ్యి దూరాలి. బొమ్మను వేళ్ల కొసలతో పట్టుకున్న పెద్దవాళ్ల చేతికి 60 నుంచి 70 మి.మీ. ఖాళీ కావాలి. వార్‌హ్యామర్ 40,000 అనే యుద్ధపు ఆట బల్లల మీద ఎటు చూసినా కూలిన భవనాలే ఉండటానికి కథ ఒక కారణం, చేతికి దారి దొరకడం ఇంకో కారణం. రెండు గోడలు మూలగా మిగిలిన శిథిలంలో ఏ అంతస్తుకైనా పక్కనుంచి చెయ్యి వెళ్తుంది. బొమ్మరిల్లులా ముందు గోడ తెరుచుకునే నమూనా అందంగా ఉంటుంది గానీ ఎదురుగా కూర్చున్న ఆటగాడికి లోపలేం జరుగుతోందో కనబడదు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చునే ఆటకు దాన్ని ఎంచుకోకండి.

నిండు భవనం కావాలంటే అంతస్తులు ట్రేల్లా ఒకదానిమీద ఒకటి కూర్చోవాలి. ఒక ఉదాహరణ కొలతలతో చూద్దాం. బయటి కొలత 240 × 180 మి.మీ., గోడ మందం 5 మి.మీ. లోపల మిగిలేది 230 × 170. ఇందులో 150 × 170 హాలు ఒకటి, మిగతా భాగంలో అడ్డంగా 5 మి.మీ. గోడతో విడదీసిన రెండు చిన్న గదులు. హాలుకీ చిన్న గదులకీ మధ్య గోడ మందం పోగా ఒక్కో చిన్న గది 75 × 82 మి.మీ. దాకా వస్తుంది. అందులో 32 మి.మీ. బేస్‌లు నాలుగు పడతాయి, కొట్లాటకు అది చాలు.

పై అంతస్తు జారిపోకుండా దాని నేల అడుగున 228 × 168 మి.మీ. చట్రం అతికించండి, ఎత్తు 6 మి.మీ. అది కింది గోడల లోపలికి దిగి కూర్చుంటుంది. అన్ని వైపులా ఒక్కో మి.మీ. సందు వదిలింది రంగుకోసం. సందు వదలకుండా కోసిన చట్రం రంగు వేయకముందు చక్కగా దిగుతుంది, వేశాక బిగుసుకుంటుంది. బలవంతంగా లాగితే కింది ఇల్లు కూడా లేస్తుంది, లోపలున్న బొమ్మలన్నీ పడిపోతాయి. మధ్య గోడలు పైచట్రానికి తగలకుండా వాటిని 6 మి.మీ. తగ్గించి కోయడం మర్చిపోవద్దు.

పైకప్పు విషయంలో ముందే తేల్చుకోవాల్సింది ఒకటుంది: దానిమీద ఆడతారా లేదా. చదునైన మిద్దె మీద బొమ్మలు నిలబడితే, లోపలి గది చూడటానికి కప్పు ఎత్తినప్పుడల్లా వాటినీ ఎత్తాలి. పిట్టగోడ 10 మి.మీ. ఉంచి, నేలకు సన్నని ఇసుక చల్లి గరుకు చేస్తే కప్పును ట్రేలాగా సమంగా ఎత్తి పక్కన పెట్టొచ్చు. పెంకుటింటి కప్పు మీద ఎవరూ నిలబడరు, అందుకే ఎత్తడం సులువు. పొగగొట్టాన్ని గట్టిగా అతికిస్తే అదే పిడి.

లోపలి సామాను గురించి కొత్తగా కట్టేవాళ్లకు అత్యాశ ఉంటుంది. మంచం, బల్ల, బీరువా, పీపాలు అన్నీ అతికించేస్తే గది నిండుతుంది, బేస్ పెట్టే చోటు పోతుంది. గోడకానుకునేవి మాత్రం అతికించి మిగతావి విడిగా ఉంచండి. గది మధ్యలో ఎక్కడైనా ఒక బేస్ పట్టేంత బాట తెగకుండా ఉండాలి. చాటుగా వాడే పెట్టెలు 15 నుంచి 20 మి.మీ. ఎత్తుంటే బొమ్మ నడుము దాకా వస్తాయి. అంతకంటే ఎత్తుంటే అది చాటా, గోడా అని ప్రతిసారీ వాదన.

గోడ ఎత్తు, కంటి చూపు

గోడ ఎంత ఎత్తుండాలన్న ప్రశ్నకు సమాధానం కుర్చీలో ఉంది. కూర్చున్న ఆటగాడి కన్ను బల్లకు 45 సెం.మీ. పైన, గోడకు 60 సెం.మీ. దూరంలో ఉందనుకోండి. 50 మి.మీ. గోడ తన వెనక 75 మి.మీ. నేలను దాచేస్తుంది. ఆ గోడ వెనక 40 మి.మీ. వరండా ఉంటే అది అసలు కనిపించదు. గోడను 25 మి.మీ.కు తగ్గిస్తే దాగేది 35 మి.మీ. మాత్రమే, బొమ్మ తలా భుజాలూ బయటికి కనిపిస్తాయి. లేచి నిలబడితే (కన్ను 80 సెం.మీ. పైన) 50 మి.మీ. గోడ 40 మి.మీ. దాస్తుంది. అందుకే ఎత్తు గోడల బల్ల చుట్టూ ఆటగాళ్లు ఎప్పుడూ నిలబడే ఉంటారు. రెండు గంటల ఆటలో అది చిన్న విషయం కాదు.

లోపలి అడ్డుగోడలు 25 మి.మీ., బయటి గోడలు 50 నుంచి 75 మి.మీ. పెడితే చాలా బల్లలకు కుదురుతుంది. బొమ్మ గోడ మీదుగా చూడగలదా అన్న పేచీ రాకుండా, లోపలి గోడలన్నీ కప్పు దాకా ఉన్నట్టే లెక్క అని ఆటకు ముందే చెప్పుకోవాలి. సగం గోడల పై అంచుకు నలుపు రంగు వేస్తే అది కోసి చూపించిన గోడ అని కన్ను వెంటనే పోల్చుకుంటుంది. ఇంటి ప్లాన్‌లో గోడలను నిండు నలుపుతో గీయడం అలవాటే కదా.

లోపలి నేలకు రంగు మీరనుకున్న దానికంటే ఒక మెట్టు లేతగా వేయండి. చుట్టూ గోడల నీడ పడుతుంది, ట్యూబ్‌లైటు ఏదో ఒక పక్కనుంచే వస్తుంది. చేతిలో పట్టుకుని చూసినప్పుడు సరిగ్గా ఉన్న ముదురు బూడిదరంగు బల్లమీద నల్లటి గుంటలా కనిపిస్తుంది.

నేల కిందికి వెళ్తే

సొరంగాలకు కప్పు ఉండాలి, ఆటకు కప్పు ఉండకూడదు. ఈ చిక్కుకు అందరికంటే తెగువగా దారి చూపింది 1989లో వచ్చిన స్పేస్ హల్క్ అనే బోర్డు ఆట. అందులో గోడలే లేవు. అట్టమీద ముద్రించిన నడవా ముక్కల్ని కలుపుకుంటూ పోతారు, ముక్క లేని చోటంతా గోడే. చూపుకు అడ్డం లేదు, చేతికి అడ్డం లేదు, అయినా ఇరుకు భయం పూర్తిగా ఉంటుంది. ఎత్తు గోడలు కట్టడానికి డబ్బూ ఓపికా పెట్టేముందు ఆ ఉదాహరణ ఒకసారి గుర్తుచేసుకోవడం మంచిది.

నేలమీది భవనమూ దాని కింది నేలమాళిగా రెండూ ఒకే ఆటలో కావాలంటే మూడు మార్గాలున్నాయి. బల్ల మొత్తాన్ని 75 లేదా 100 మి.మీ. ఎత్తు దిమ్మెల మీద లేపి, కింద సొరంగాలు తవ్వి, పైన మూతలు పెట్టడం ఒకటి. చూపులకు దీన్ని మించింది లేదు. కానీ మూత తీసినప్పుడల్లా దానిమీద ఉన్నవన్నీ కదలాలి, బరువు, నిలవ చోటు రెట్టింపు. రెండోది, 50 మి.మీ. మందమున్న ఫోమ్ బల్లలో కాలువలాగా కోసి పైకి తెరిచి ఉంచడం. మురుగు కాలువలకు, కందకాలకు ఇది సరిగ్గా సరిపోతుంది, ఇంటి కింది నేలమాళిగకు కుదరదు. మూడోది, నేలమాళిగను అదే కొలతతో విడి పలకగా చేసి బల్ల పక్కన పెట్టి, పై తలుపుకూ కింది మెట్లకూ ఒకే గుర్తు వేయడం. మూడోదే మంచిదని మా అభిప్రాయం. అందంలో కొంత పోతుంది గానీ ఆట ఆగదు. దిగడానికి ఎంత కదలిక ఖర్చవుతుందో మాత్రం ముందే రాసుకోండి.

ఇక సొరంగాల అల్లిక. వరండా ఒక బేస్ వెడల్పే ఉంటే ముందున్న బొమ్మ ఒక్కటే కొట్లాడుతుంది, వెనకున్న ఐదుగురు వరసలో నిలబడి చూస్తారు. 25 మి.మీ. బేస్‌లకు 50 మి.మీ. వెడల్పు ఉంటే ఇద్దరు భుజం కలుపుతారు. కానీ శత్రువుకు ఒక అంగుళం లోపు దూరరాదన్న నియమం ఉన్న ఆటల్లో 50 మి.మీ. దారిని ఒక్కడే మూసేయగలడు. ప్రధాన దారిని 75 మి.మీ. చేసి పక్క దారుల్ని 50 దగ్గర ఉంచితే ఎక్కడ ఆపాలి, ఎక్కడ తప్పించుకోవాలి అన్న ఆలోచన పుడుతుంది.

తుపాకులు 24 అంగుళాలు కొట్టే ఆటలో 24 అంగుళాల తిన్నని సొరంగం పెడితే దాని చివర కూర్చున్నవాడిదే ఆట. తిన్నగా పోయే దారి 300 మి.మీ. దాటకుండా ఒక మలుపో, తలుపో, స్తంభమో పెట్టాలి. గోల్కొండలో బాలాహిస్సార్ దర్వాజా ముందు నిలబెట్టిన అడ్డుగోడ చూసినవాళ్లకు దీని తర్కం తెలుసు: ఏనుగులు ఊపుతో నేరుగా వచ్చి తలుపును కుమ్మకూడదు. ఆటలో ఏనుగు బదులు తూటా.

ఒకే తలుపున్న గది ఇంకో ముప్పు. అందులో దూరినవాడు తలుపు మీదే గురిపెట్టి కూర్చుంటాడు, బయటివాడు లోపలికి రాడు, ఆట అక్కడే గడ్డకట్టుకుపోతుంది. ముఖ్యమైన వస్తువు దాచిన గదికి కనీసం రెండు దారులుండాలి, రెండోది పగలగొట్టాల్సిన గోడైనా సరే. తొలితరం డంజన్ (ఆటలోని నేలమాళిగల అల్లిక) రూపకర్తల్లో జెనెల్ జాక్వేస్ గీసిన పటాలు ఇప్పటికీ చర్చకు రావడానికి కారణం ఇదే: లోపలికి రావడానికి ఒకటికి మించిన ద్వారాలు, తిరిగి మొదటికి చేర్చే వలయాలు, అంతస్తుల మధ్య రకరకాల దారులు. రెండడుగుల చదరపు బల్లమీద ఆరేడు గదులు, కనీసం రెండు వలయాలు ఉంటే పరుగులూ ఎదురుదాడులూ వాటంతటవే వస్తాయి. గుడ్డి దారి ఒకటి చాలు, దాని చివర ఏదో ఒకటి దొరకాలి.

మనుషులు తవ్వనిది గుహ. దానికి రెండు మంచి నమూనాలు మన దగ్గరే ఉన్నాయి. బెలూం గుహలు పొరలు పొరలుగా పరుచుకున్న సున్నపురాయిని భూగర్భజలం కోసుకుంటూ పోయిన దారులు: గోడలు నున్నగా, అడ్డచారలతో. దీన్ని తేవాలంటే 10 మి.మీ. ఫోమ్ షీట్లను రెండు మూడు మి.మీ. ముందుకూ వెనక్కూ జరిపి పేర్చి, అంచుల్ని ఉప్పుకాగితంతో గుండ్రంగా చేయాలి. బొర్రా గుహల రూపం వేరు. అక్కడి సొంపంతా పైనుంచి వేలాడే రాతి ఊడల్లో, కిందినుంచి లేచే దిబ్బల్లో ఉంది. కప్పులేని నమూనాలో ఊడలు పెట్టలేం. నేలనుంచి లేచేవాటిని గోడల పక్కనే గుంపుగా ఉంచి, ఒకటి రెండు స్తంభాల్ని పైన విరిగినట్టు వదిలితే కప్పు అక్కడుందని కన్ను ఊహించుకుంటుంది. గుహ నేలను ఏటవాలుగా చేయకండి. ముఖ్యంగా లోహపు బొమ్మలు జారిపోతాయి. 10 మి.మీ. ఎత్తు తేడాలతో వెడల్పాటి మెట్ల వేదికల్లా కోయండి.

మురుగు కాలువలో నీళ్లకు ఎపాక్సీ రెజిన్ పోసేవాళ్లు ముందు కాలువ లోపల ఫెవికోల్ పూత రెండుసార్లు వేసి ఆరనివ్వాలి. లేకపోతే రెజిన్ కనపడని సందుల్లోంచి కారి బల్లకు అంటుకుంటుంది. ఒక్కసారే మందంగా పోస్తే అది గట్టిపడేటప్పుడు పుట్టే వేడికి ఫోమ్ కరుగుతుంది. రెండు మూడు మి.మీ. పొరలుగా పోయాలి. పాలియెస్టర్ రెజిన్ అసలు వాడొద్దు, అది ఫోమ్‌ని తినేస్తుంది. అంత శ్రమ వద్దనుకుంటే ముదురాకుపచ్చ రంగుమీద మెరుపునిచ్చే గ్లాసీ వార్నిష్ నాలుగైదు పూతలు చాలు.

దేంతో కట్టాలి?

థర్మోకోల్ ప్రతి స్టేషనరీ షాపులో దొరుకుతుంది. పూసలు రాలుస్తుంది, రాయి గీతలు నిలవవు. లోపల నింపడానికి పనికొస్తుందే తప్ప కనిపించే గోడకు కాదు. గోడలకు ఎక్స్‌పీఎస్ (గట్టి పాలిస్టైరీన్ ఫోమ్) ఇన్సులేషన్ బోర్డు మేలు. పొర సన్నగా, గట్టిగా ఉండటంతో బాల్‌పెన్నుతో గీసిన రాతి గీత అలాగే నిలుస్తుంది. ఫాయిల్ ఉండచుట్టి నొక్కితే రాతి గరుకు వస్తుంది. రెండూ పాలిస్టైరీనే కాబట్టి మామూలు స్ప్రే పెయింటూ ఫెవిక్విక్కూ రెండింటినీ కరిగిస్తాయి. ముందు నల్ల అక్రిలిక్ రంగూ ఫెవికోలూ సమానంగా కలిపి పూసి, రాత్రంతా ఆరనివ్వండి. ఆ పూత ఎంత బాగా వేసినా, ఎక్కడో ఒక చిన్న గీతలో ఫోమ్ బయటపడి ఉంటుంది. స్ప్రే అక్కడే గుంట చేస్తుంది. కాబట్టి పై రంగులూ నీళ్లతో కలిసేవే వాడటం నయం.

హాట్ వైర్‌తో కోసేటప్పుడు తీగ ఎర్రబడకూడదు, ఎర్రబడిందంటే వేడి ఎక్కువైనట్టే. గది కిటికీలు తెరిచి ఉంచండి, ఆ పొగ మంచిది కాదు. పలకలన్నిటినీ యంత్రం అమరిక మార్చకుండా ఒకే విడతలో కోయాలి. వారం తర్వాత మళ్లీ అమర్చి కోస్తే అర మి.మీ. తేడా వస్తుంది, పక్కపక్కన పెట్టినప్పుడు బేస్ ఆ అంచుకు తట్టుకుంటుంది.

షాపులో సన్‌బోర్డు పేరుతో ఇచ్చేది ఎక్కువగా పీవీసీ ఫోమ్. కత్తితో నీటుగా తెగుతుంది, నేలలకు గట్టిగా ఉంటుంది. కానీ దాన్ని లేజర్‌తో గానీ హాట్ వైర్‌తో గానీ కోయొద్దు. వేడికి ఆమ్ల వాయువు వస్తుంది, ఊపిరితిత్తులకూ యంత్రానికీ చేటు. లేజర్‌కు 3 మి.మీ. ఎండీఎఫ్ ఇవ్వండి. 3 అని అమ్మే షీటు నిజంగా 2.8 ఉండొచ్చు, 3.2 ఉండొచ్చు. వెర్నియర్‌తో కొలిచి, ముందు ఒక్క గాడీ ఒక్క నాలుకా కోయించి బిగింపు చూసుకున్నాకే మొత్తం కోయించాలి. ఎండీఎఫ్‌కైనా అట్టకైనా ఒక వైపే రంగు వేస్తే ఆరేటప్పుడు అటు లాగి వంగుతుంది. రెండు వైపులా పూసి, బరువు పెట్టి ఆరబెట్టాలి. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల వానాకాలపు తేమకు ఈ వంపు మరీ ఎక్కువ.

పలకల్ని కలపడానికి అయస్కాంతాలు పెట్టాలనుకుంటే అంచుకు ఒకటి చాలదు. పలక తిప్పగానే ఉత్తరానికి ఉత్తరం ఎదురై తోసుకుంటాయి. ప్రతి అంచులోనూ మధ్య నుంచి సమదూరంలో రెండు పెట్టి, బయటినుంచి చూస్తే ఎడమది ఉత్తరం, కుడిది దక్షిణం బయటికి ఉండేలా చూడాలి. అప్పుడు ఏ అంచు ఏ అంచుకు చేర్చినా అతుక్కుంటాయి. 5 × 2 మి.మీ. నియోడిమియం ముక్కలకు పలక మందం 8 మి.మీ. ఉండాలి. నిజానికి ఇంత అవసరం లేదు. వంటింటి అలమరాల్లో పరిచే జారని రబ్బరు షీటు బల్లమీద వేస్తే పలకలు కదలవు, ఖర్చూ తక్కువ.

3డి ప్రింటర్‌తో చేసేవాళ్లు అందులో వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుందని గుర్తుంచుకోవాలి. రోళ్లు పగిలే ఎండలో తలుపులు మూసిన కారులో ఆ వేడి రావడానికి ఎక్కువసేపు పట్టదు. పలకలు వంగిపోతే మళ్లీ చదును చేయడం కష్టం. హాట్ గ్లూతో అతికించిన గోడలూ అదే వేడికి వదులవుతాయి, కాబట్టి మూలలకు ఫెవికోల్ పెట్టి గుండుసూదులు గుచ్చి ఆరబెట్టండి. మోసుకెళ్లే డబ్బా కొలత ముందే చూసుకుని భవనం కొలత నిర్ణయించుకుంటే ఇంకా మంచిది: పై అంతస్తు విడివడే 240 × 180 ఇల్లు, ఒక్కో అంతస్తు 75 మి.మీ. ఎత్తుతో, మామూలు షూ డబ్బాకు కాస్త పెద్దదాంట్లో పక్కపక్కనే నిలబెడితే పడుతుంది.